రెండు దెబ్బలు విన్న మనిషి

బెల్టు సెక్షన్‌లో కొత్తగా చేరిన పిల్లలకు నేను చెప్పే మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "బెల్టుకు కండ్లు లెవ్వు, మీకున్నయ్." ప్రతి ఏడూ సేఫ్టీ వారోత్సవంలో ఈ మాట అని ఎడమ చెయ్యి పైకెత్తేవాణ్ణి. చిటికెన వేలు ఉండాల్సిన చోట సగం వేలే ఉంటుంది నాకు. అది చూడగానే వెనక బెంచీల్లో గుసగుసలు ఆగిపోయేవి. మీటింగ్ అయ్యాక టీ, బిస్కెట్లు. ఒకసారి శాలువా కూడా కప్పారు.

ఆ శాలువా ఇప్పుడు మా ఇంటి వరండాలో, చెక్క నునుపు చేసే ఒక మిషన్ మీద దుమ్ము పడకుండా కప్పి ఉంది. అంతకంటే మంచి పనికి అది తగదని నాకు ఈ మధ్యనే తెలిసింది. ఎందుకు తగదో చెప్తాను. మీలో బెల్టు దగ్గర పనిచేసేవాళ్ళు ఉంటే కాస్త చెవులు రిక్కించి వినండి. ఈ కథంతా చెవుల గురించే.

నేను బొగ్గు బాయిలో బెల్టు ఫిట్టర్‌ని. భూమి లోపల తవ్విన బొగ్గును బయటి దాకా మోసుకొచ్చే రబ్బరు బెల్టు పక్కకు జరగకుండా, తెగకుండా, మనుషుల్ని లాక్కోకుండా చూడటం నా పని. ముప్పై రెండేళ్ళు చూశాను. రిటైరై జూలూరుపాడులో ఇల్లు కట్టుకుని కూర్చున్నాక మూడు నెలలకే మా ఆవిడకు విసుగొచ్చింది. "ఈయన రిటైరయిండు గని ఈయన చేతులు రిటైర్ కాలే. కుక్కర్ మూత ఇప్పటికి మూడుసార్లు ఇప్పి బిగించిండు, ఇప్పుడు అది కూతే పెడతలేదు" అని వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పుకునేది. ఆ పోరు పడలేక ఖమ్మం పోయి, చేత్తో పట్టుకుని నడిపే కరెంటు బెల్టు శాండర్ ఒకటి కొనుక్కొచ్చాను.

చూడనివాళ్ళ కోసం చెప్తున్నాను. అది ఇస్త్రీపెట్టె కంటే కాస్త పెద్దది. కింద రెండు రోలర్ల మీద గరుకు కాగితం బెల్టు ఒకటి గిర్రున తిరుగుతుంది. చెక్క మీద పెట్టి నడిపిస్తే పాత రంగు, పెచ్చులు అన్నీ లేచిపోతాయి. పెట్టెలో ఒక చిన్న పుస్తకం కూడా ఇచ్చారు. దాన్ని నేను తెరవలేదు. కిలోమీటరు బెల్టు నడిపించినవాడికి మూరెడు బెల్టు గురించి ఎవడో పుస్తకం రాసి చెప్పాలా?

మొదటిరోజే బెల్టును తిరగేసి ఎక్కించాను. లోపలి వైపు బాణం గుర్తు ఉంటుంది, మిషన్ మీది బాణం ఎటుంటే అదీ అటే ఉండాలి. అది చూసుకోలేదు. రెండు నిమిషాలకు అతుకు ఊడి, బెల్టు ఫట్‌మని ఎగిరి వెళ్ళి మా ఆవిడ ఎండబోసిన మిరపకాయల మీద పడింది. రెండోరోజు పీట ఒకటి తీసుకుని, మిషన్ మీద బలమంతా మోపి ఒక్కచోటే నిలబెట్టాను. దానికి బరువు మోపే పని లేదు, దాని బరువే దానికి చాలు. మనం ముందుకూ వెనక్కూ నడిపిస్తూ ఉండాలంతే. నేను నిలబెట్టిన చోట పీట మీద గుంట పడింది. మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మంచిగయింది. ఇగ దీంట్ల నీళ్ళు పోసి కోళ్ళకు పెట్టొచ్చు" అన్నది.

ఆ తర్వాత పుస్తకం చదివాను. ఆవిడ లేనప్పుడు. నెల తిరిగేసరికి మిషన్ నా చేతికి లొంగింది. బెల్టు ఒక పక్కకు జరుగుతుంటే పక్కనున్న మర కొంచెం తిప్పితే మధ్యలోకి వస్తుంది, అదంతా నాకు బాయిలో తెలిసిన విద్యే. బెల్టులో రంగు ఇరుక్కుంటే అరిగిపోయిన హవాయి చెప్పు ముక్కతో రుద్దితే శుభ్రమవుతుంది. గాలి రంధ్రాల్లో పొడి చేరనివ్వకూడదు. వానాకాలం బెల్టులు చెమ్మ తగిలే చోట పెడితే అతుకులు ఊడతాయి, మేకుకు వేలాడదీయాలి. అన్నిటికంటే ముఖ్యం, బెల్టు మార్చేటప్పుడు ప్లగ్గు పీకెయ్యాలి. స్విచ్ ఆపితే సరిపోదు, పీకి చేతిలో పట్టుకోవాలి. ఈ మాట పుస్తకంలోనూ ఉంది. ఇంకో రకంగా నేను కూడా ఏళ్ళ తరబడి చెప్పిన మాటే.

ఇప్పుడు మా తమ్ముడి గురించి. తమ్ముడంటే తోడబుట్టినవాడు కాదు, బాయిలో నాకంటే నాలుగేళ్ళు చిన్న. బెల్టు ఆపరేటర్. నేను బెల్టు తోక దగ్గర మరమ్మతు చేస్తుంటే అతను అటు చివర, స్విచ్ దగ్గర ఉండేవాడు. మధ్యలో అంతా చీకటి, మలుపులు. ఒకరికొకరం కనిపించం, కేక వేసినా వినపడదు. గంట కొట్టి మాట్లాడుకునేవాళ్ళం. ఒక దెబ్బంటే ఆపు, రెండు దెబ్బలంటే నడుపు. గంట తీగ తెగిన రోజుల్లో బెల్టు వెంట పోయే నీళ్ళ పైపు మీద సుత్తితో కొట్టేవాళ్ళం. ఇనుప పైపు కదా, చప్పుడు చివరి దాకా పోతుంది. రూలు బుక్కులో లేదు గానీ అందరం చేసేదే అది.

నా వేలు పోయిన రోజు గంట పనిచెయ్యలేదు. పైపు మీదే నడుస్తోంది. బెల్టు ఆపించి, తోక దగ్గర రోలర్ బాగుచేస్తున్నాను. చెయ్యి లోపల ఉంది. ఉన్నట్టుండి బెల్టు కదిలింది. పక్కనే ఉన్న ఆపుడు తీగను కుడి చేత్తో అందుకుని లాగాను కాబట్టి సగం వేలితో పోయింది. లేకపోతే ఈ కథ చెప్పడానికి నేనుండేవాణ్ణి కాదు.

ఎంక్వయిరీ పెట్టారు. ఆఫీసరు దవాఖానాలో నా మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, "నువ్వు సిగ్నల్ ఇచ్చినవా?" అని అడిగాడు. "ఇయ్యలే సార్" అన్నాను. తమ్ముడిని పిలిచి అడిగారు. "రెండు దెబ్బలు ఇనబడ్డయ్ సార్" అన్నాడు. ఎవరూ కొట్టని దెబ్బలు నీకెట్లా వినపడ్డాయన్నారు. "ఇనబడ్డయ్ సార్" అనే మళ్ళీ అన్నాడు. సస్పెండ్ చేసి, ఇంక్రిమెంట్ ఆపి, తిరిగి తీసుకున్నాక బెల్టు మీద పనికిరాడని బయట, బాయిలో దిగేవాళ్ళకు నెంబరు చూసి తలలైట్లు ఇచ్చే గదిలో వేశారు. చెవులు సరిగా లేవని కాగితం మీద రాశారు. ఆ రోజు నుంచి బాయి అంతా అతనికి పేరు పెట్టింది, "రెండు దెబ్బలాయన" అని. సొంత పేరు హాజరు పట్టీలో మాత్రం మిగిలింది.

అతను మంచివాడు. నన్ను ఒక్క మాట అనలేదు. నా వేలు తీసిన పాపం తనదేనని నమ్మి, పండక్కి మా ఇంటికి జొన్నలో, ఇప్పపువ్వో, ఏదో ఒకటి పట్టుకొచ్చేవాడు. కానీ ఆనాటి నుంచి తన చెవుల్ని తాను నమ్మడం మానేశాడు. ఏది చెప్పినా "ఏందీ?" అని రెండోసారి చెప్పించుకునేవాడు. లైట్ల గదిలో నెంబరు రెండుసార్లు అడిగేవాడు. డాక్టర్లు చెవులు బాగానే ఉన్నాయన్నారు. డాక్టర్ మాట కంటే ఎంక్వయిరీ కాగితం పెద్దది కదా, వాళ్ళనీ నమ్మలేదు. అతనికి వినపడదేమోనని ఊరంతా గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టింది. అందరికంటే గట్టిగా అతని భార్య.

పోయిన ఎండాకాలం తమ్ముడు ట్రాలీ ఆటోలో ఒక తలుపు వేసుకుని మా ఇంటికొచ్చాడు. అడవి అంచున వాళ్ళ ఊళ్ళో రెండు గదుల ఇల్లు కట్టుకుంటున్నాడు. కొత్త టేకు కొనాలంటే ఫారెస్టువాళ్ళ కాగితాలు, ముద్రలు, తిరుగుడు. అందుకని కల్లూరు దగ్గర ఎవరో పాతిల్లు పడగొడుతుంటే ఈ తలుపు కొన్నాడు. లోపల బంగారం లాంటి టేకు. పైన మాత్రం ఎన్ని పొరల రంగో లెక్క లేదు. ఒక పొర గీకితే ఆకుపచ్చ, దాని కింద నీలం, దాని కింద ఎరుపు.

"అన్నా, నీ దగ్గర మిషనుందట గద. జర దీని సంగతి జూడరాదు?" అన్నాడు.

"ఎందుకు చూడ? తీస్కరా లోపలికి" అన్నాను.

"ఏందీ?"

"లోపలికి తీస్కరా!" అని అరిచాను.

తలుపును వాకిట్లో రెండు బల్లల మీద పరిచాం. పాత రంగు దుమ్ము మంచిది కాదని ఇద్దరి ముక్కులకూ తువ్వాళ్ళు కట్టించాను. కరెంటు బోర్డు కిటికీ పక్కన ఉంది, అక్కడ స్టూలు మీద తమ్ముడు కూర్చున్నాడు. నేను తలుపు దగ్గర, అతను స్విచ్ దగ్గర. మమ్మల్ని ఎవరూ అట్లా కూర్చోమనలేదు, మా కాళ్ళే అట్లా తీసుకెళ్ళాయి. మా ఆవిడ గడప మీద చిక్కుడుకాయలు ఒలుస్తూ, "మల్ల బాయిల దిగిండ్రా ఇద్దరు?" అని నవ్వింది.

ముందు ముతక బెల్టు వేసి నడిపించాను. బొత్తాం నొక్కి పట్టుకోవడానికి వేళ్ళు నొప్పి పెడుతున్నాయని, దాన్ని లోపలికి నొక్కి ఉంచే చిన్న మీట వేశాను. ఇక వదిలేసినా మిషన్ నడుస్తూనే ఉంటుంది. గంటలో రంగంతా లేచిపోయి టేకు బయటపడింది. ఆ వాసన, ఆ గీతలు చూసి తమ్ముడు తువ్వాలు తీసి, "అబ్బ, ఏమున్నదే!" అన్నాడు. ఇక సన్న బెల్టు వెయ్యాలి.

"తమ్మీ, బంద్ జెయ్యి!" అన్నాను. చేశాడు.

ప్లగ్గు పీకలేదు. బోర్డు వాకిలికి అటు పక్క ఉంది, నాకు మోకాళ్ళ నొప్పి, స్విచ్ దగ్గర మనిషి ఉన్నాడు. బాయిలో ఎవడైనా ఇట్లా చేస్తే ఛార్జిషీటు రాయించేవాణ్ణి. లోపలికి నొక్కిన బొత్తాం కూడా వెనక్కి తియ్యలేదు. మిషన్‌ను తలుపు మీద పక్కకు పడుకోబెట్టి, పాత బెల్టు తీసి కొత్తది ఎక్కించాను. ముందు రోలర్ పక్కన రంగు ముద్ద ఇరుక్కుని తిరగడం లేదు. ఎడమ చేత్తో బెల్టు అంచు పట్టుకుని, స్క్రూడ్రైవర్ వెనక వైపుతో దాన్ని కొట్టాను.

టక్. టక్.

కిటికీ దగ్గర స్విచ్ పడింది.

మిషన్ నా చేతిలోంచి ఎగిరి, బోర్లాపడి, తలుపు మీద ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒకటే పరుగు. బల్ల దాటి కింద పడింది. ప్లగ్గు ఊడొచ్చింది కాబట్టి ఆగింది. నేను చెయ్యి చూసుకున్నాను. బెల్టు అంచు రాసుకుపోయింది చిటికెన వేలి పక్కనుంచే. మొత్తం వేలు ఉన్నట్టయితే ఈసారి పోయేదే. పోవలసింది ముందే పోయింది కాబట్టి మిగిలిన సగం బతికిపోయింది. తలుపు మీద మాత్రం మూరెడు పొడవున గాడి పడింది.

తమ్ముడు స్విచ్ మీద వేలు అలాగే ఉంచి నిలబడిపోయాడు. 

"రెండు దెబ్బలు ఇనబడ్డయ్ అన్నా" అన్నాడు. "ఒట్టు, ఇనబడ్డయ్. మల్ల నా చెవులే గిట్ల..." అని ఆ చెవుల్ని రెండు చేతులతో మూసుకున్నాడు.

అరవై దాటిన మనిషి అట్లా చెవులు మూసుకుని నిలబడితే చూడలేం. నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ చేతిలో చిక్కుడుకాయ పట్టుకుని లేచింది.

"నీ చెవులకేమయింది తమ్మీ? ఈయన కొట్టలే? టక్ టక్ అని రెండు గొట్టిండు. నేను గూడ ఇన్న."

ఆనాడు బాయిలో సాక్షి లేదు. ఇప్పుడుంది. అదీ నేను తాళి కట్టిన సాక్షి, ఏ ఎంక్వయిరీలోనూ తిప్పడానికి వీల్లేని సాక్షి.

ఇక చెప్పక తప్పలేదు. మీకూ చెప్తున్నాను. ఆ రోజు బాయిలో నేను సిగ్నల్ ఇవ్వలేదు, నిజమే. కానీ రోలర్ బిగుసుకుపోతే దాన్ని సుత్తితో కొట్టాను. రెండుసార్లు. రోలర్ చట్రానికి ఆనుకునే నీళ్ళ పైపు, తీగతో కట్టి ఉంది. ఆ చప్పుడే పైపు వెంట తమ్ముడి దాకా పోయింది. ఆఫీసరు "సిగ్నల్ ఇచ్చినవా" అన్నాడే గానీ "దేన్నయినా కొట్టినవా" అనలేదు. అడిగినదానికి జవాబు చెప్పాను. మందు మత్తు దిగి మూడోరోజు నాకు ఆ రెండు దెబ్బలు గుర్తొచ్చాయి. అప్పటికి కాగితం పైకి పోయింది. పిల్లలు చిన్నవాళ్ళు, తప్పు నాదంటే నా ఉద్యోగం మీదికొస్తుందని ఊరుకున్నాను. ఆ తర్వాత నన్ను సేఫ్టీ మీటింగుకు పిలిచారు. మొదట భయం, తర్వాత శాలువా. మనిషి నోరు మూయించడానికి ఈ రెండూ చాలు.

బల్ల మీద కూర్చుని అంతా చెప్పాను. తమ్ముడు మధ్యలో "ఏందీ?" అనలేదు.

"ఎన్ని గొట్టినవ్ ఆ దినం?" అన్నాడు చివరికి.

"రెండు."

"రెండే గద?"

"రెండే తమ్మీ."

అతను వంగి కింద పడ్డ మిషన్ తీసి, దుమ్ము దులిపి, వైరు చక్కగా చుట్ట చుట్టి బల్ల మీద పెట్టాడు. ఆపరేటర్ అలవాటు. నన్ను నాలుగు తిడతాడేమోనని చూశాను. తిడితే బాగుండేది. మా ఆవిడ మాత్రం నన్ను చూసిన చూపు ఈ జన్మకు మర్చిపోను.

"తమ్మీ, ఈ గాడిల పుట్టీ వెట్టి మంచిగ చేస్త..." అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"వద్దు. ఉండనీ. ఎవరన్న అడిగితే చెప్పుకుంట" అన్నాడు. "నువ్వు అంగీ తొడుక్కో. పా, మా ఇంటికి."

"ఎందుకురా?"

"నాకు చెప్పినవ్. నాకు కాదు చెప్పాల్సింది. మా ఆమెకు చెప్పు. నా చెవుల కోసం ఆమె తిరగని దవాఖానా లేదు. మొక్కని దేవుడు లేడు."

ట్రాలీ ఆటోలో తలుపు మధ్యలో, అటు అతను, ఇటు నేను.  బాయిలో బెల్టు చెరో చివరా ఉన్నప్పుడు కూడా మేమింత దూరం లేము.

అతని భార్య ఇంటి ముందు ఇసుక జల్లెడ పడుతోంది. నన్ను చూసి కొంగు సర్దుకుని, "రా బావా, అక్క మంచిగున్నదా?" అంది నాతో మామూలు గొంతుతో. వెంటనే భర్త వైపు తిరిగి, "తలుపు అయిందా? తలుపూ! అయిందా?" అని అరిచింది. పక్కింటి మేక ఉలిక్కిపడింది.

ఆమెకు చెప్పాను. నిలబడే చెప్పాను, కూర్చోబుద్ధి కాలేదు. ఎన్ని మీటింగుల్లో మాట్లాడానో, అంత కష్టంగా ఎక్కడా మాట్లాడలేదు. చెప్పడం అయ్యాక ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను, ఈసారి అది చూపించుకునేది కాదు.

ఆమె జల్లెడ కింద పడేసింది.

"ఎన్నేండ్లు బావా! ఎన్నేండ్లు అరిసిన నేను ఈయన మీద! నా గొంతంత పోయింది. పిలగాండ్లు 'నాయినకు చెవుడు' అనుకుంట పెరిగిండ్రు. రెండు దెబ్బలాయన పెండ్లాం అని బజార్ల నన్నుగూడ పిలిసిండ్రు. నీ నోట్లె నాలికె లేకుండెనా? పండుగకు మా ఇప్పపువ్వు తిన్నవ్ గద, అప్పుడు రాలే ఈ మాట?"

నేను వంగి ఆ జల్లెడ తీసి గోడకు ఆనించాను. 

ఆమె ఏడుస్తూనే అతని వైపు తిరిగి, అలవాటు కొద్దీ గొంతెత్తింది. "ఇన్నవా? ఈయన చెప్పింది ఇన్నవా? ఇన్నవా అంటున్న!"

"గట్టిగ అరవకు" అన్నాడు తమ్ముడు. "ఇనబడుతది."

ఆమె ఆగిపోయింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. అతని ముఖం వంక చాలాసేపు చూసింది. తర్వాత నాకు కూడా సరిగా అందనంత మెల్లగా, పెదవులు కదిపీ కదపనట్టు అడిగింది.

"ఛాయ్ తాగుతవా?"

"అవ్" అన్నాడు. రెండోసారి అడిగించుకోలేదు.

ఆమె లోపలికి పోయింది. నన్ను అడగలేదు.